కలివికోడి జాడ

కాళేశ్వరమున గోదావరియు ప్రాణహితయు కలియును. ఇవ్వలి యొడ్డు జయశంకర్ భూపాలపల్లి జిల్లా; అవ్వలి యొడ్డు మహారాష్ట్రములోని సిరొంచ. రాష్ట్రములు వేరైనను రెండొడ్డులను వినబడునది తెలుగే. ముక్తీశ్వరస్వామి దర్శనమునకు వచ్చు యాత్రికులకు ఈ సంగమము తెలిసినంతగా ఇచ్చటి యొక పక్షి చరిత్ర తెలియదు. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్ అను భూగర్భశాస్త్రవేత్త గోదావరి లోయలో సంచరించుచు, సిరొంచ ప్రాంతమునను భద్రాచలము ప్రాంతమునను ఒక యరుదైన పక్షిని చూచి నమోదు చేసెను. ఆంగ్లమున దానిని జెర్డన్స్ కోర్సర్ అందురు. తెలుగున దాని పేరు కలివికోడి. ఆ పాత నమోదులే గోదావరి తీరమున దాని యునికికి సాక్ష్యములు. పిమ్మట దాని కథయంతయు దక్షిణమునకు, పెన్నానదీ ప్రాంతమునకు తరలిపోయెను.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ఈ మూడును 2016 వరకు చాలమట్టుకు ఉమ్మడి వరంగల్లు జిల్లాలోని భాగములే. జనగామ వైపు రాతిగుండ్లు, ఎఱ్ఱని చెలక నేలలు, మెట్టపైరులు. మహబూబాబాదు తూర్పున దట్టమగుచు పోవు అడవి. భూపాలపల్లిలో టేకుచెట్లు, బొగ్గుగనులు, గోదావరి యిసుక. వీనికన్నిటికి సామాన్యమైన దొకటి కలదు. ఊరికిని అడవికిని నడుమ, నాగలి మోపక, పూర్తిగ అడవియు గాక మిగిలిన పొదల నేల అది. లెక్కలు వ్రాయువారు దానిని బంజరు అనిరి, పోరంబోకు అనిరి. గొఱ్ఱెలకాపరి దానిని బంచరాయి అనును. కలివికోడికి ఇట్టి నేలయే ఇల్లు. కావున ఈ పక్షిని వెదకుట యనగా, పనికిరానిదని మనము పేరు పెట్టిన నేలను మరల నొకసారి పరికించి చూచుటయే యగును.

మెట్టనేలలో తిరుగు ఈ పక్షికి బంధువులు సముద్రముమీద నున్నారన్నచో వింతగ తోచవచ్చును. కాని శాస్త్రజ్ఞుల వర్గీకరణము ననుసరించి కలివికోడియు, అలలమీద నెగురు గల్, టెర్న్ పక్షులును ఒకే శ్రేణిలోనివి. మన తీతువుకూడ ఆ శ్రేణిదే. పంచతంత్రమున సముద్రు డపహరించిన గ్రుడ్లకొరకు పోరాడిన టిట్టిభదంపతుల కథ ఎరిగినవారికి, నేలమీద గ్రుడ్లు పెట్టు ఈ జాతుల కష్టము క్రొత్తగాదు. గూడు లేదు, గోడ లేదు, బయలే పొత్తిలి. ఒకరి యాహారముకొరకో, మరొకరి పైరుకొరకో ఆ బయలు పోయిననాడు పక్షియు పోవును.

పగలు దాగి రాత్రి మాత్రమే తిరుగు పక్షిని కనుగొను టెట్లు? ఈ ప్రశ్న కలివికోడి విషయమున మాత్రమే పుట్టినది కాదు. నేలలో బొరియలు త్రవ్వుకొని గ్రుడ్లు పెట్టు పెట్రెల్ అను సముద్రపక్షుల విషయమున ఇది లోకమందెల్లెడల పరిశోధకులను వేధించినది. ఆ పక్షులు పగలెల్ల నడిసముద్రమున నుండును. చీకటి పడినపిదపనే ఒడ్డు చేరి బొరియలో దూరును. తెల్లవారకమునుపే మరల వెడలిపోవును. ద్వీపమున నివసించువాడుకూడ తన కాలిక్రింద నొక పక్షిజాతి బ్రదుకుచున్నదని ఎరుగకుండ జీవితము గడపవచ్చును.

అట్లాంటిక్ సముద్రమునందలి బెర్ముడా ద్వీపముల చరిత్ర ఇందుకు గొప్ప తార్కాణము. అచ్చట ఒకానొకప్పుడు కహౌ అను పెట్రెల్ జాతి లెక్కకు మిక్కిలిగ నుండెడిది. రాత్రివేళ వినబడు వాని కూతలు విని స్పెయిన్ నావికులు అది దయ్యముల దీవియని భయపడి దిగకపోయిరట. కూతను బట్టియే దానికి కహౌ అను పేరు వచ్చెను. 1609లో ఓడ పగిలి ఆంగ్లేయు లచ్చట చేరిన తరువాత, మనుష్యులును, వారితో వచ్చిన పందులు, ఎలుకలు మొదలగు జంతువులును కలిసి కొలది దశాబ్దములలోనే ఆ జాతిని తుడిచిపెట్టినట్లు లోకము తలచెను. దాదాపు మూడువందల ఏండ్లు అది లేని పక్షియే.

1906లో బెర్ముడాలో నొక పెట్రెల్ చేత చిక్కెను. పరీక్షించినవారు దానిని మరియొక జాతికి చెందిన దారితప్పిన పక్షిగ భావించిరి. గుహలలో దొరకిన పాత ఎముకలతో సరిపోల్చిన పిదపనే, 1916లో, అది ప్రత్యేకజాతి యని తేలెను. పక్షి చేతిలో నుండియు దాని పేరు తెలియుటకు పదేండ్లు పట్టినది. 1951 జనవరిలో రాబర్ట్ కుష్మన్ మర్ఫీ, లూయీ మౌబ్రే అను ఇరువురు శాస్త్రజ్ఞులు చిన్న రాతిదీవులలో వెదకి, బొరియలలో కూర్చుండిన సజీవమైన కహౌలను కనుగొనిరి. వారివెంట పదునైదేండ్ల బాలు డొకడు వెళ్లెను. ఆతని పేరు డేవిడ్ వింగేట్. ఆ బాలుడు పెరిగి తన జీవితమంతయు ఆ పక్షికే ధారపోసెను. కృత్రిమముగ బొరియలు కట్టించెను. ఇతర పక్షులు చొరబడకుండ బొరియ ముఖమున కొలతకు సరియైన పలకలు బిగించెను. తొలుత వ్రేళ్లమీద లెక్కింపదగిన జంటలు నేడు నూరు దాటినవి. ఏటికి ఒక్క గ్రుడ్డే పెట్టు జాతికి ఇది అల్పవిజయము కాదు.

ఇప్పుడు మన కలివికోడి కడకు వత్తము.

థామస్ కావర్‌హిల్ జెర్డన్ మద్రాసు సైన్యమున వైద్యుడు. 1811లో జన్మించి 1872లో మరణించెను. నెల్లూరు, కడప ప్రాంతముల తూర్పుకనుమలలో ఆతడీ పక్షిని సంపాదింపగా, కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ ప్రదర్శనశాలను నిర్వహించుచుండిన ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానికి శాస్త్రీయనామ మొసగెను. నేడు వాడుకలోనున్న రూపము రైనోప్టైలస్ బైటార్క్వేటస్. ఇందు రెండవ పదమునకు రెండు కంటెలు కలది యని యర్థము. రొమ్ముమీద అడ్డముగ నుండు రెండు గోధుమవన్నె పట్టెలే ఆ కంటెలు. వాని నడుమ తెలుపు. కంఠమున ఎఱ్ఱని మచ్చ. కంటిమీదుగ విశాలమైన లేతరంగు కనుబొమ. ముక్కు మొదట పసుపు, కొనయందు నలుపు. మొత్తము పొడవు జానెడు మీద నాలుగు వ్రేళ్లు. రాత్రిసంచారమునకు తగిన పెద్దకన్నులు. ఇన్ని గురుతులు చెప్పినను, పొదలనీడలో కదలక నిలిచినప్పుడు నేల యేదో పక్షి యేదో చెప్పలేము.

జెర్డన్ గొప్పతన మొకటి ఇచ్చట చెప్పదగియున్నది. ఆతడు పక్షులను వర్ణించుచు, దేశీయులు వానికి పెట్టిన పేర్లనుకూడ శ్రద్ధతో వ్రాసికొనెను. 1862 మొదలు 1864 వరకు వెలువడిన భారతదేశపు పక్షులను గూర్చిన తన గ్రంథమున ఈ పక్షి తెలుగుపేరును ఆంగ్లాక్షరములలో వ్రాసి, అడవిలోని వట్టిసంచి యని యర్థము చెప్పెను. తెలుగు చదువరి దానిని అడవి ఉత్తతిత్తి అని చదువుకొనవలెను. ఉత్త యనగా వట్టిది. తిత్తి యనగా తోలుసంచి. కొలిమితిత్తియందును, సొమ్ములతిత్తియందును ఉన్నది ఆ మాటయే. ఈ పక్షికి ఆ పేరేల వచ్చెను? వెంటాడినవాని సంచి వట్టిదిగనే మిగులునని యెకసక్కెమా? లేక రెండుముక్కలుగ వినబడు దాని కూతను అనుకరించిన ధ్వనికి, తరువాతివారు అర్థము కల్పించిరా? టిట్టిభము, తీతువు అను పేర్లు కూతనుండి పుట్టినవే గదా. ఊహ యేదైనను ఒక్కటి నిశ్చయము. శాస్త్రము దానికి పేరు పెట్టకమునుపే తెలుగువాడు దాని నెరిగియుండెను.

బ్లాన్‌ఫర్డ్ గోదావరి నమోదులు ఆ తరువాతివి. 1900లో అనంతపురము సమీపమున హోవర్డ్ కాంప్‌బెల్ దానిని చూచెను. అటుపిమ్మట పుస్తకములందు దాని పేరు మిగిలినది గాని పక్షి కానరాలేదు. ఎనుబది యేండ్లకు పైగా వెదకినవారెల్ల వట్టిచేతులతో మరలివచ్చిరి. పగటివేళ వెదకుట యొక కారణము కావచ్చును. అది రాత్రి సంచరించునది యని స్థిరముగ నెవరికిని తెలియదు. కహౌ వలెనే ఇదియు గతించిన జాతుల పట్టికలో చేరవలసినదే యని పలువు రనుకొనిరి.

1980ల నడుమ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మరల అన్వేషణ కుపక్రమించెను. ఆ సంస్థకు చెందిన భరత్ భూషణ్ కడప ప్రాంతమున గ్రామములు తిరిగి, అడవి యెరిగినవారిని పక్షి గురుతులు చెప్పి యడిగెను. 1986 జనవరిలో సిద్ధవటము సమీపమున రెడ్డిపల్లె కడ ఐతన్న అను స్థానికుడు రాత్రివేళ నొక పక్షిని ప్రాణముతో పట్టెను. అది కలివికోడియే. వార్త విని ఎనుబదితొమ్మిదేండ్ల సలీం అలీ స్వయముగ వచ్చి దానిని చూచెను. పట్టువడిన పక్షి ఎక్కువకాలము బ్రదుకలేదు. కాని జాతి బ్రదికియున్నదని తేలెను. 1988లో కడప జిల్లాలోని ఆ కొండప్రాంతము శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమయ్యెను. అదే యేట ఈ పక్షి బొమ్మతో తపాలా బిళ్లయు వెలువడెను.

ఈ ఘట్టమున మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఎనుబదియైదేండ్లు గ్రంథములకు చిక్కనిది పల్లెవానికి చిక్కినది. కలివిపొదలలో తిరుగు కోడి యను అర్థమున ఆ ప్రాంతపు వాడుక దానికి కలివికోడి అను పేరిచ్చినది. పేరు బ్రదికియున్న చోటనే పక్షియు దొరకెను. పేరు లేనిదే ప్రశ్న అడుగుట కుదరదు. అడుగనిదే జవాబు రాదు.

దొరకిన తరువాత మరియొక సమస్య. ఎన్ని యున్నవి? ఎచ్చట నున్నవి? దీపముల వెలుగున రాత్రియెల్ల తిరిగినను కనబడుట యరుదు. 2000 తరువాత పంచాపకేశన్ జగన్నాథన్ మొదలగు పరిశోధకులు, ఇంగ్లండు శాస్త్రజ్ఞుల సహకారముతో క్రొత్త పద్ధతులు నెలకొల్పిరి. జల్లించిన మెత్తని మట్టిని పొదల నడుమ పట్టీలుగ పరచిరి. రాత్రి నడచిన పక్షి తెల్లవారుసరికి తన సంతకము చేసి పోయెడిది. కలివికోడి పాదమునకు వెనుకవ్రేలు లేదు. ముందుకు మూడే వ్రేళ్లు. ఆ ముద్ర కొలతలను తీతువు మొదలగు ఇతర పక్షుల ముద్రలతో పోల్చి నిర్ణయించిరి. పక్షి దాటినప్పుడు తనంతట తానే ఫొటో తీయు కెమెరాలు పొదలలో నమర్చిరి. సూర్యాస్తమయము తరువాత సుమారు గంటకు, కొద్దినిమిషములు మాత్రమే, అది రెండుముక్కల కూత కూయునని గ్రహించిరి. ఆ కూతను ధ్వనిముద్రణము చేసి, ఇతర స్థలములలో వినిపించి, బదులు వచ్చునా యని చెవియొగ్గిరి.

అది కోరు నేల యెట్టిదో కూడ ఈ పరిశోధనలవలన తెలిసెను. నిలువెత్తుకు మించిన పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు నున్న చోట దాని యడుగుజాడలు ఎక్కువ. పొదలు మరీ చిక్కనైనచో దానికి నడక సాగదు. పూర్తిగ బయలైనచో దాగుటకు తావుండదు. ఇట్టి నడిమి స్థితి తనంతట నిలుచునది కాదు. పశువులు మితముగ మేసినచో నేల తెరపిగ నుండును. మేత మితిమీరినను, కట్టెలకొరకు పొదలు నరికినను నేల బోసిపోవును. మేత నంతయు ఆపినచో పొదలు క్రమ్ముకొనును. కావున గొఱ్ఱెలకాపరి ఈ పక్షికి శత్రువని త్రోసివేయరాదు. మితమెరిగిన కాపరి దాని కాపరియు నగును. తుమ్మ, రేగు, కలివి పొదలు గల చోట చీమలు, చెదలు ఏరుకొని తిను ఈ ప్రాణి మనుష్యుని బ్రదుకుతో ముడిపడినదే గాని దానికి వెలియైనది కాదు.

ముప్పు వచ్చినదియు మనుష్యుని యవసరములనుండియే. 2005 ప్రాంతమున తెలుగుగంగ కాలువ త్రవ్వకము కలివికోడి తిరుగు నేలలోనికి వచ్చెను. కరువుసీమకు నీరు వలదనువా డుండడు. అయినను, ఉన్న పక్షులన్నియు ఆ కొలది నేలలోనే యున్నప్పుడు, ఆ నేలను కోసివేసినచో మరల కుట్టలేము. వివాదము పెద్దల యెదుటకు పోయి, తుదకు కాలువ మార్గము మార్చబడెను. నీరును పోలేదు, పొదలును నిలిచినవి. ఇట్టి యుదాహరణములు మన దేశమున పెక్కు లేవు.

గుర్తించుటను గూర్చిన మరియొక ఆశ్చర్యము స్కాట్లండు దేశమున వెలువడెను. కలివికోడి గ్రుడ్డు ఎట్లుండునో శాస్త్రలోకమునకు తెలియదు. అబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో ఒక గ్రుడ్డు చిరకాలముగ పడియుండెను. 1917లో కోలారు బంగారుగనుల కడ పశువైద్యాధికారిగ నుండిన ఎర్నెస్ట్ మీటన్ అను నాతడు దానిని సేకరించెను. పాత చర్మనమూనానుండి తీసిన జీవకణపదార్థముతో గ్రుడ్డుపెంకులోని పదార్థమును పోల్చి, అది కలివికోడి గ్రుడ్డే యని 2013లో ప్రకటించిరి. 1900 తరువాత మాయమైనదని తలచిన పక్షి 1917లో తెలుగుమాట వినబడు కోలారు సీమలో గ్రుడ్డు పెట్టుచునే యుండెనన్నమాట. మనము చూడకపోవుట వేరు, అది లేకపోవుట వేరు.

ఈ భేదమే నేటికిని ముఖ్యము. 1986లో దొరకిన పక్షి మరల కనుమరుగయ్యెను. సుమారు పదిహేనేండ్లు నమ్మదగిన జాడ లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము దానిని తీవ్రాపదలో నున్న జాతిగ లెక్కించుచున్నది. 2025లో ఆంధ్రప్రదేశమున కొందరు పక్షిపరిశీలకులు దాని కూతను మరల ధ్వనిముద్రణము చేసినట్లు ప్రకటింపబడెను. ఈ మారు కన్నుకంటె ముందు చెవి దానిని పట్టుకొన్నది. బెర్ముడా నావికులను భయపెట్టినది కూతయే; కలివికోడి యున్నదని ధైర్యము చెప్పినదియు కూతయే.

గోదావరి తీరముమాట యేమి? బ్లాన్‌ఫర్డ్ నమోదులకును మనకును నడుమ నూటయేబది యేండ్లున్నవి. అడవి తరిగినది, గనులు విస్తరించినవి, నదికి ఆనకట్టలు వచ్చినవి. సిరొంచకు కాళేశ్వరమునుండి నేడు వంతెనమీద పోవచ్చును. ఈ మార్పులనడుమ ఆ పక్షి నిలిచియుండునని చెప్పుట సాహసము. అయినను, లేదని చెప్పుటకును తగినంత వెదకుట అవసరమే. పగటివేళ బైనాక్యులర్లతో నడచి, ఏమియు కానరాలేదని వ్రాయుట వెదకుట కాదు. సంధ్య దాటిన గంటకు పొదల నేలలో నిశ్శబ్దముగ నిలిచి చెవియొగ్గవలెను. మట్టిపట్టీ పరచి తెల్లవారుజామున వంగి చూడవలెను. అన్నింటికి ముందు, అడవి యెరిగినవారి నోట ఏయే పేర్లు మిగిలియున్నవో అడిగి వ్రాసికొనవలెను.

ఈ కడపటి పని శాస్త్రజ్ఞులు మాత్రమే చేయవలసినది కాదు. భూపాలపల్లి గోండు, కోయ పల్లెలలోను, మహబూబాబాదు తండాలలోను, జనగామ గొఱ్ఱెలమందల వెంటను రాత్రి కూతలను బట్టి పక్షిని చెప్పగల వృద్ధులు ఇంకను కలరు. వారు చెప్పు పేర్లు ఏ నిఘంటువునకును ఎక్కియుండకపోవచ్చును. కళాశాలలలో తెలుగు చదువు విద్యార్థులు ఒక్కొక్క సెలవులలో ఒక్కొక్క ఊరి పక్షినామములను సేకరించినచో, అది భాషకును సేవయే, పక్షికిని సేవయే. జెర్డన్ వైద్యవృత్తినడుమ చేసిన పనిని, ఆ భాషయే మాతృభాషగ గలవారు చేయలేకపోవుట కష్టమేమి?

అడవి ఉత్తతిత్తి అను పేరు జెర్డన్ గ్రంథములో నుండుటచేత మిగిలినది. పలుకువారి నోటనుండి అది ఎప్పుడు జారిపోయినదో చెప్పువారు లేరు. కలివికోడి అను పేరు మాత్రము రెడ్డిపల్లె పరిసరములలో పలుకబడుచుండెను గనుక, నమ్మక ముడిగిన కాలమున పక్షియు దొరకినది. గోదావరి యొడ్డున దాని పేరేమో నేడు వినవలసియున్నది. చెప్పగలవారు జీవించియున్నంత కాలమే ఆ ప్రశ్నకు విలువ.